నడినీటిలో దప్పిగొన్న యంత్రం

పల్నాటి సీమకూ నీటికీ గల సంబంధం మొదటినుంచీ విచిత్రమైనది. సీమ ఉత్తరపుటంచున కృష్ణానది కొండల నడుమ లోతైన గర్భంలో పారుతూ ఉన్నది. ఆ నదికి కాస్త ఎడంగా ఉన్న ఊళ్లలో మాత్రం, వేసవి వచ్చిందంటే కడవెడు మంచినీళ్లకు కోసెడు దూరం నడిచే రోజులు చాలాకాలం సాగినవి. ఈ నీటి ఎద్దడిమీద శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు తెలుగు చదివినవారికి కొత్తవి కావు. ఆ కొరత నీరు లేక వచ్చినది కాదు. ఉన్న నీటిని అందుకొని, కావలసిన చోటికి నడిపించే సాధనం లేక వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ వద్ద పండిట్ నెహ్రూ శంకుస్థాపన చేసిన తరువాత, 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిన తరువాత గాని, ఆ సాధనం ఈ నేలకు అమరలేదు.

ఈ కథను ఇక్కడ ఎత్తుకున్నది ఆనకట్టను కీర్తించడానికి కాదు. సరిగ్గా ఇటువంటి కథే, అంగుళాల ప్రమాణంలో, ఆ ఆనకట్ట వెనుక నిలిచిన నీటిమీద తిరిగే పడవ మోటారులో కూడా జరుగుతూ ఉంటుంది. నాగార్జునసాగర జలాశయం నిండితే దాని విస్తీర్ణం 285 చదరపు కిలోమీటర్లు. అంతటి నీటి నడుమ, నీటిలో కాలు పెట్టుకొని నిలిచి ఉన్న యంత్రం గుక్కెడు నీరు అందక కాగిపోయి ఆగిపోతుంది. నమ్మశక్యంగా లేదు గాని, పడవ మోటారుకు వచ్చే జబ్బులలో ఇది చాలా మామూలుది.

విజయపురి సౌత్ రేవునుండి నాగార్జునకొండకు పోయే పెద్ద లాంచీలను చూచినవారు అనేకులు. ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురి నీటి అడుగున ఉన్నది. 1954 మొదలు 1960 వరకు సాగిన తవ్వకాలలో దొరికిన శిల్పసంపదను కొండమీదికి చేర్చి, 1966లో అక్కడ మ్యూజియం తెరిచారు. ఆ కొండ నేడు దీవి. అటువంటి పెద్ద లాంచీలలో ఇంజను పడవ గర్భంలో కూర్చుని ఉంటుంది; దానిని కనిపెట్టుకొని ఉండే మనిషి వేరు, సరంగు వేరు. ఈ వ్యాసంలో చెప్పదలచినది అటువంటి ఇంజను మాట కాదు. చిన్న పడవ వెనుకచెక్కకు బిగించి, చేతితో తిప్పే పిడితో, లేదా ముందున్న చక్రంతో, నడిపించే అవుట్‌బోర్డ్ మోటారు సంగతి. ఇంజను, గేరు, ప్రొపెల్లరు, చుక్కాని అన్నీ ఒకే కాయంలో ఇమిడిన యంత్రమిది. దీనిని బాగా అమ్ముడుపోయే సరుకుగా మలచినవాడు ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే దేశపు సంతతివాడు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1909లో అతడు అమ్మిన మోటారు శక్తి ఒకటిన్నర గుర్రాలు. ఎండనపడి ఐస్‌క్రీము కోసం సరస్సు అవతలి ఒడ్డుకు తెడ్డు వేస్తూ పోయి, తిరిగి వచ్చేసరికి అది కరిగిపోయిందనీ, ఆ చిరాకులోనే ఈ మోటారు ఆలోచన పుట్టిందనీ ఒక ముచ్చట చెప్పుకుంటారు. నిజమో కల్పనో గాని, వేడిమితో మొదలైన కథ వేడిమితోనే నేటికీ నడుస్తున్నది.

ఇంజను లోపల పెట్రోలు మండినప్పుడు పుట్టే మంట వేడిమి 2,000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటను పట్టి ఉంచే సిలిండరు అల్యూమినియపు పోత. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోయే లోహం. పెట్రోలులో ఉన్న శక్తిలో నాలుగోవంతు, మహా అయితే మూడోవంతు పడవను నడపడానికి ఉపయోగపడుతుంది. మిగిలినదంతా వేడిమి. కొంత పొగతో పోతుంది; కొంతను ఎవరో ఒకరు మోసుకుపోవలెను. మోటారుకారులో రేడియేటరు ఆ పని చేస్తుంది. అవుట్‌బోర్డు మోటారుకు రేడియేటరు లేదు. నది ఉండగా రేడియేటరెందుకని దానిని చేసినవారు తలచారు. నదినుంచి చల్లని నీరు తోడుకొని, సిలిండరు చుట్టూ తిప్పి, వేడెక్కిన నీటిని మళ్లీ నదిలోకే వదలివేయడం దాని పద్ధతి.

తోడే పని ఒక రబ్బరు చక్రానిది. అరచేతిలో ఇమిడే ఈ చక్రాన్ని ఇంపెల్లరు అంటారు. మోటారు కాలిలో, ప్రొపెల్లరుకు కాస్త పైన, ఒక గిన్నెలాంటి అర ఉన్నది. చక్రం ఆ అరకు సరిగా మధ్యలో కాక ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందుచేత తిరుగుతున్నప్పుడు దాని రెక్కలు ఒక పక్క గోడకు నొక్కుకొని వంగుతవి, మరొక పక్క విప్పుకొంటవి. విప్పుకొన్నప్పుడు నీటిని లోపలికి లాగుతవి, వంగినప్పుడు పైకి నెడతవి. మోట తోలే ఎద్దులు వెనుకకు నడిచినప్పుడు బాన నీట మునిగి, ముందుకు నడిచినప్పుడు పైకి వచ్చినట్లే. ఇక్కడ ఆ రాకపోకలు నిమిషానికి వేలసార్లు. పల్నాటి రైతుకు ఈ యంత్రమర్మం విప్పిచెప్పనక్కర లేదు. బావిలో నీరున్నా మోటకు చిల్లిపడితే చేను ఎండుతుందని అతడికి తెలిసినంతగా మరెవరికి తెలుసు?

ఈ రబ్బరు చక్రానికి ఒక గుణం ఉన్నది. తాను తోడే నీరే తనకు కందెన. నీరు లేకుండా తిరిగితే రెక్కల కొసలు గోడకు రాసుకొని, అరనిమిషంలో కాగి, గట్టిపడి, చిట్లిపోతవి. మోటారు కొనవచ్చినవానికి, లేదా రిపేరు చేసి తిరిగి ఇచ్చేటప్పుడు, "చూడండి, ఒక్క లాగుకే అందుకున్నది" అని ఒడ్డుమీదనే, పొడిలోనే, తాడు లాగి చూపించే అలవాటు కొందరిలో ఉన్నది. ఆ ఒక్క నిమిషపు ప్రదర్శనలో పంపు ప్రాణం సగం పోతుంది. మోటారును పరీక్షించవలెనంటే కాలు మునిగేటంత నీరు నింపిన పీపాలో నిలిపి పరీక్షించవలెను. అది చేయించుకోకుండా ఎవరూ మోటారుకు డబ్బు చెల్లించరాదని నా అభిప్రాయం.

పంపు పనిచేస్తున్నదో లేదో పైకి తెలిసేదెట్లా? దీనికి చేసిన ఏర్పాటు చాలా ముచ్చటైనది. సిలిండరు చుట్టూ తిరిగిన నీటిలో ఎక్కువ భాగం పొగతో కలిసి అడుగునుంచే పోతుంది గాని, కొద్దిభాగం మోటారు వెనుక పక్కనున్న సన్నని రంధ్రంనుంచి ధారగా బయటికి చిమ్ముతుంది. ఇంగ్లీషువారు దీనికి పెట్టిన పేరుకు "చాడీలు చెప్పేది" అని అర్థం. లోపలి గుట్టును బయట పెడుతుంది గనుక ఆ పేరు. మనం దానిని ఆనవాలు ధార అనుకుందాం. మోటారు అందుకోగానే పడవవాడు చూడవలసిన మొదటి వస్తువు ముందున్న దారి కాదు, వెనుకనున్న ఈ ధార. మెల్లగా నడుస్తున్నప్పుడు అది సన్నగా ఉంటుంది, వేగం పెంచితే బలిసి దూరంగా పడుతుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలవలెను. ధార తెగి తెగి పడినా, చెయ్యి చురుక్కుమన్నా, నీటికి బదులు ఆవిరి వచ్చినా, యంత్రం దప్పిగొన్నదన్న మాట. కొత్త మోటారులలో దీనికి తోడు ఈల మోగుతుంది, వేగం దానంతట అదే తగ్గిపోతుంది. పాత మోటారులకు ఆ భాగ్యం లేదు. వాటికి ఆ ధారే నాలుక.

ఇక జలాశయం నడుమ ధార ఆగిపోయిందనుకుందాం. చాలామంది చేసే పని వేగం పెంచడం. ఒడ్డు చేరేదాకా లాక్కుపోదామన్న ఆశ! అది కొరడాతో కొట్టి చచ్చే గుర్రాన్ని పరుగెత్తించడం వంటిది. కాగిన పిస్టను ఉబ్బి సిలిండరు గోడను పట్టుకొంటుంది. ఒక్కసారి అట్లా పట్టేసిన ఇంజను మళ్లీ కదలకపోవచ్చు. కదిలినా గోడమీద గీతలు పడి, పూర్వపు సత్తువ ఉండదు. చేయవలసినది ఏమనగా, వెంటనే వేగం తగ్గించి, గాలివాటం చూచుకొని, మోటారు ఆపివేయడం. లోతు అందితే లంగరు వేయడం. అందకపోతే ఒకరు తెడ్డు పట్టి పడవ ముఖాన్ని అలలకు ఎదురుగా నిలపడం. పడవలో తెడ్లు లేకుండా మోటారును నమ్ముకొని బయలుదేరేవారిని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నల్లమల కొండల సందులనుంచి వచ్చే గాలికి, ఆగిన పడవ అడ్డం తిరగడానికి ఎంతోసేపు పట్టదు. అడ్డం తిరిగిన పడవలో భయపడి జనం ఒక్క పక్కకు చేరితే జరిగేదేమిటో తెలిసినదే. వేడెక్కిన మోటారు స్వయంగా ఎవరినీ ముంచదు. అది తెచ్చిపెట్టే ఆ పది నిమిషాల నిస్సహాయ స్థితి ముంచుతుంది.

పడవ నిలకడగా ఉన్నదనుకున్న తరువాత మోటారును పైకి వంచి కాలు చూడవలెను. ప్రొపెల్లరుకు పైన జల్లెడవలె ఉన్న చీలికలు కనిపిస్తవి. నీరు లోపలికి పోయే దారి అదే. పదింట ఎన్నోసార్లు దోషం అక్కడనే దొరుకుతుంది: అంటుకుపోయిన ప్లాస్టిక్ సంచీ, నాచు, గుర్రపుడెక్క వేళ్లు, తెగిన నైలాను వల పోగులు. చేతితో తీసివేస్తే సరి. నైలాను దారం ప్రొపెల్లరు ఇరుసుకు చుట్టుకున్నదేమో కూడా అప్పుడే చూచుకోవలెను. అది లోపలి సీలును కోసి గేరునూనెలోకి నీరు దింపుతుంది. జల్లెడ శుభ్రంగా ఉన్నా ధార రాకపోతే, ధార వచ్చే రంధ్రమే మూసుకుపోయి ఉండవచ్చు. ఒక ఇసుక రేణువు, ఒక పురుగు గూడు చాలు దానికి. గాలపు దారం ముక్కనో సన్నని తీగనో అందులోకి దూర్చి ఆడించవలెను. లోపల నీరు చక్కగా తిరుగుతూ ఉండి, చెప్పే నోరు మాత్రమే మూసుకుపోయిన సందర్భాలు అనేకం.

ఇంజను కాగి ఉన్నప్పుడు దానిమీద చెంబెడు చల్లని నీరు కుమ్మరించడం మరొక పొరపాటు. కాగిన పోతలోహం హఠాత్తుగా ఒక్కచోట చల్లారితే వంకర పోతుంది, చిట్లుతుంది. సిలిండరు మూతకూ ఒంటికీ నడుమనున్న గాస్కెట్టు చెడుతుంది. మూత తీసి గాలి తగలనిచ్చి ఊరకుండడమే మందు. ఎంతసేపని అడిగితే, చెయ్యి పెట్టి ఉంచగలిగేదాకా అని జవాబు.

సాగరంలో ఈ బాధ వేసవిలో ఎక్కువ కావడానికి కారణం ఉన్నది. నిండు మట్టం 590 అడుగులు. కాలువలకు నీరు వాడుకుంటూ పోతే మట్టం 510 అడుగుల దిశగా దిగుతుంది. నిండుగా ఉన్నప్పుడు ఏ అడ్డూలేని చోట, నీరు దిగినప్పుడు బురదతిన్నెలు, రాళ్లు, మోళ్లు పైకి వస్తవి. కృష్ణ తెచ్చిన ఒండ్రు సంగతి చెప్పనక్కరలేదు. కట్టిననాడు 408 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టిన జలాశయంలో ఇప్పుడు పట్టేది 312. మిగిలిన చోటు చాలావరకు ఒండ్రుదే. పడవ లోతు తక్కువ చోట నడిస్తే ప్రొపెల్లరు ఆ ఒండ్రును రేపుతుంది, పంపు దానిని తాగుతుంది. ఇసుక కలిసిన నీరు రబ్బరు రెక్కలను ఆకురాయివలె అరగదీస్తుంది. ఒండ్రు సిలిండరు చుట్టూ ఉన్న సన్నని దారులలో పేరుకొని, ఎండి, ఇటుకవలె గట్టిపడుతుంది. పులిచింతల వెనుకనీటిలోనూ ఇంతే. ఒడ్డు దగ్గరికి వచ్చినప్పుడు మోటారు ఆపి గెడతో నెట్టుకుపోయే పాతకాలపు అలవాటు ఇంజనుకు ఎంత మేలు చేస్తుందో దానిని పాటించే పెద్దలకు కూడా తెలియకపోవచ్చు.

జల్లెడ బాగున్నది, రంధ్రం బాగున్నది, అయినా నీరు రాదు. అప్పుడు అనుమానం పంపుమీద. ఇది ఒడ్డున చేయవలసిన పని. కాలి కిందిభాగాన్ని పట్టి ఉంచిన బోల్టులు విప్పి, గేరు మార్చే కడ్డీ జోడును జాగ్రత్తగా వదిలించి, కిందికి దించితే పంపు గిన్నె బయటపడుతుంది. రబ్బరు చక్రాన్ని బయటికి తీసి వెలుతురులో వంచి చూడవలెను. రెక్కల మొదట్లో పగుళ్లున్నా, చాలాకాలం కదలక ఉండి రెక్కలు ఒకే పక్కకు వంగి అట్లాగే నిలిచిపోయినా, దాని పని అయిపోయినట్లే. చక్రాన్ని ఇరుసుతో కలిపి తిప్పే చిన్న తాళపు ముక్క ఒకటి ఉంటుంది. అది జారినా, విరిగినా, ఇరుసు తిరుగుతుంది గాని చక్రం తిరగదు. అన్నిటికంటె ముఖ్యమైనది, విరిగిన రెక్కముక్కలను లెక్క పెట్టడం. ఆరు రెక్కలలో రెండు లేకపోతే ఆ రెండు ఎక్కడికో పోయినవి గదా! అవి నీటితోపాటు పైకి ఎగబ్రాకి ఏదో మలుపులో అడ్డం పడి ఉంటవి. వాటిని వెదకి తీయకుండా కొత్త చక్రం వేసి పంపించే మెకానిక్కు, ముల్లు తీయకుండా కట్టు కట్టిన వైద్యుని వంటివాడు. వారం తిరగకుండా అదే మోటారు మళ్లీ అతని దగ్గరకు వస్తుంది. తప్పు మాత్రం కొత్త చక్రం నాణ్యంమీదికి పోతుంది.

ధార బలంగా పడుతున్నా మోటారు కాగితే అది వేరే తంటా. సిలిండరు మూతలో థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఉన్నది. దాని గుండెలో మైనం. నీరు చల్లగా ఉన్నంతసేపు మూసుకొని, చాలా మోటారులలో 60 డిగ్రీల ప్రాంతంలో మైనం కరిగి ఉబ్బినప్పుడు తెరుచుకొంటుంది. తుప్పుతోనో ఒండ్రుతోనో మూసుకొని బిగిసిపోతే, పంపు ఎంత తోడినా నీరు సిలిండరు చుట్టూ తిరగదు. దీనిని విప్పి, గిన్నెలో నీళ్లు కాచి అందులో వేస్తే తెరుచుకొనేదీ లేనిదీ కంటితోనే చూడవచ్చు. మన మెకానిక్కులలో కొందరు ఈ కవాటాన్ని శాశ్వతంగా తీసి పారవేయడమే చికిత్స అనుకొంటారు. ఎండదేశంలో దీనితో పనేమున్నదని వారి వాదం. ఆ వాదం వినడానికి బాగుంటుంది గాని, మితిమీరి చల్లగా నడిచే ఇంజనులో పెట్రోలు సరిగా మండదు, ప్లగ్గు మసిబారుతుంది, ఇంధనం వృథా అవుతుంది. దారిలో ఇబ్బంది వస్తే ఇల్లు చేరడానికి తీసివేయవచ్చు. ఇల్లు చేరిన తరువాత కొత్తది వేసుకోవలెను.

మోటారు బిగించిన ఎత్తు కూడా చూడదగినది. ప్రొపెల్లరు పైనున్న అడ్డురేకు ఇంచుమించు పడవ అడుగుమట్టానికి సమంగా ఉండవలెను. మరీ పైకి ఉంటే, లేదా బరువంతా ముందుభాగాన చేరి వెనుకభాగం లేచిపోతే, జల్లెడ నీటికి బదులు గాలి పీలుస్తుంది. రెండు స్ట్రోకుల మోటారులలో పెట్రోలులో కలిపే నూనె తక్కువైనా ఇదే ఫలితం, కాకపోతే అది నీటి దోషం కాదు. మోయవలసినదానికంటె ఎక్కువమందిని ఎక్కించుకొని, గంటలకొద్దీ పూర్తి వేగంతో నడిపితే ఏ పంపు మాత్రం ఏమి చేస్తుంది? కోస్తాలోని నావలకు పెట్టే పొడవుతోక ఇంజనులలో గాలితో చల్లబడేవాటికి ఈ నీటి గొడవే లేదు. వాటికి సిలిండరు చుట్టూ ఉన్న లోహపు రెక్కలమధ్య నూనెజిడ్డు, ధూళి పేరుకోకుండా చూచుకొంటే చాలు. సముద్రంలో తిరిగివచ్చిన అవుట్‌బోర్డుకు మాత్రం ప్రతిసారీ మంచినీటితో లోపలంతా కడుగు పెట్టవలెను. లేకపోతే ఉప్పు గడ్డకట్టి దారులు మూస్తుంది. కృష్ణలో తిరిగే మోటారుకు ఆ బెడద లేదు. అంతమాత్రాన కడగనక్కరలేదని కాదు, ఒండ్రు ఉన్నది గదా.

2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారినప్పుడు, ఇళ్లపైకప్పులమీద ఉన్నవారిని తీసుకురావడానికి గాలిపడవలమీద పోయినవి ఇటువంటి మోటారులే. వరద నీరు నదినీరు కాదు. అందులో పాలసంచులు, గుడ్డలు, గడ్డి, విద్యుత్తు తీగలు, మురుగు సమస్తమూ తేలుతుంటవి. పక్కా నదిలో వారానికొకసారి మూసుకొనే జల్లెడ అక్కడ వీధి మలుపు తిరిగేలోపల మూసుకోవచ్చు. అట్టి చోట మోటారు నడిపే మనిషి ఒకడు, ధారను చూస్తూ కూర్చునే మనిషి ఒకడు ఉండడం వృథా ఖర్చు అనిపించుకోదు. పడవలో పసిపిల్లలూ వృద్ధులూ ఉండగా, కరెంటు స్తంభాల మధ్య, ప్రవాహానికి అడ్డంగా మోటారు ఆగితే, పైన చెప్పిన లంగరు, తెడ్డు, ఓపిక మూడింటిలో ఏదీ పూర్తిగా అక్కరకు రాదు.

రబ్బరు చక్రం వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. ఏటేటా వానాకాలానికి ముందు దానిని విప్పి చూచి, అనుమానం ఉంటే మార్చివేయడం పద్ధతి. విప్పిన పాతది ఇంకా కాస్త పనికివచ్చేటట్లుంటే పారవేయక, ఒక కొత్త తాళపు ముక్కతోనూ, పానాతోనూ కలిపి గుడ్డలో చుట్టి పడవపెట్టెలో ఉంచుకోవలెను. పెట్రోలు డబ్బాకు దూరంగా. పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బి అరలో పట్టదు.